ఊరి పేరును ఊరి అంకెయు

కొంతకాలము క్రిందట శబరీ గోదావరుల సంగమ ప్రాంతమునుండి యొక వృద్ధురాలు మనుమని తోడుగొని మాయొద్దకు వచ్చినది. ఆమె చేతిసంచిలో నాలుగు కాగితము లుండెను. మొదటిది మామగారి నాటి పట్టా. అందు గ్రామము తూర్పుగోదావరి జిల్లాలోనిదని యున్నది. రెండవది భర్తపేర నున్న పాసుపుస్తకము. అందు ఖమ్మము జిల్లా. మూడవది 2014కు తరువాత నిచ్చిన రేషనుకార్డు. అందు మరల తూర్పుగోదావరి జిల్లా. నాలుగవది మనుమని కులధ్రువపత్రము. అందు అల్లూరి సీతారామరాజు జిల్లా. గ్రామముపేరు సయితము ఒకచోట దీర్ఘముతోను, ఒకచోట పొల్లుతోను, మరియొకచోట ఇంగ్లీషులోనికి పోయి తిరిగి తెలుగులోనికి వచ్చుటచే అక్షరమే మారియు నున్నది. ఈ నాలుగును ఒకే యూరని ఋజువు తెచ్చిననేగాని పరిహారపు దరఖాస్తు పుచ్చుకొనమని యొక కార్యాలయమువారు ఆమెను మూడుమారులు త్రిప్పిపంపిరట. "నేను యాడికీ పోలేదు బాబూ, మా ఊరూ యాడికీ పోలేదు" అని యామె యనినది.

ఆమె చెప్పినది అక్షరాల నిజము. మనుష్యులు కదలకయే నేల యెన్ని లెక్కలలోనికి మారవచ్చునో తెలిసికొనగోరువారు ఆ ప్రాంతపు చరిత్ర చూడవలెను. గోదావరి యెడమగట్టున నున్న భద్రాచలము, రేకపల్లి సీమలను నిజాము 1860లో ఇంగ్లీషువారికి విడిచిపెట్టెను. అవి మధ్యపరగణాలలోని ఎగువగోదావరి జిల్లాలో చేరినవి. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చినవి. 1925లో ఆ జిల్లాకు తూర్పుగోదావరి యని పేరు పెట్టిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడినవి. 1959లో భద్రాచలము ప్రాంతమును పరిపాలనా సౌకర్యార్థము ఖమ్మము జిల్లాలో కలిపిరి. 2014లో రాష్ట్రము విడిపోవువేళ, పోలవరము ముంపు నిమిత్తము, భద్రాచలము గ్రామమును మాత్రము తెలంగాణమునకు విడిచి, చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మున్నగు మండలములను ఆంధ్రప్రదేశములో నుంచిరి. 2022 ఏప్రిలు 4వ తేదీన అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనికి వచ్చినవి. నూటయరువది యేండ్లలో ఆ పల్లెలకు నాగపురము, మద్రాసు, కర్నూలు, హైదరాబాదు, అమరావతి వరుసగా రాజధానులైనవి. ఆ యేటిగట్టున పోడు కొట్టుకొని బ్రతికిన కోయ కుటుంబము లీ మార్పులలో దేనిని అడుగలేదు. ఏ మార్పునకును వారి యభిప్రాయము నెవరును అడుగలేదు. కాని ప్రతి మార్పునకును ఋజువు తేవలసిన భారము మాత్రము వారిమీదనే పడినది.

మేము పేర్ల మార్పునకు విరోధులము కామని మొదటనే చెప్పుట మంచిది. దొరల నోట తిరుగక కొకనాడా, మసూలిపటము, వైజాగపటము, కడ్డపా యని వికృతినందిన మన యూళ్లు మరల తమ స్వరూపమును పొందుట స్వరాజ్యములోని యొక చిన్న భాగమేయని మా నమ్మకము. తెలుగువాని నోట కడప యెన్నడును కడపయే; 2005లో మారినది ఇంగ్లీషు అక్షరములు మాత్రమే. ఇందూరు నిజామాబాదైనను, ఎలగందుల జిల్లా కరీంనగరమైనను, పాలమూరు మహబూబునగరమైనను, ఆ ప్రాంతపు ముసలివారు నేటికిని పాతపేళ్లు మరువలేదు. ఇచ్చట నొక పొరపాటును సవరింపవలసియున్నది. బెజవాడ యనునది ఇంగ్లీషువారి వికృతియని మన పట్టణవాసులు పెక్కుమంది తలచుచున్నారు. అది కాదు. వెయ్యేండ్లనాటి యుద్ధమల్లుని శాసనమందే ఆ పేరున్నది. విజయవాడయు మనదే, బెజవాడయు మనదే.

మహాపురుషుల పేళ్లు జిల్లాలకు పెట్టుటయు మనకు సమ్మతమే. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. 2008లో నెల్లూరునకు పొట్టి శ్రీరాములుగారి పేరు చేర్చిరి. ఇట్టి మార్పులందు వింతలును లేకపోలేదు. 2022లో విజయవాడ ముఖ్యస్థానముగా నందమూరి తారకరామారావుగారి పేర జిల్లా నేర్పరచిరి. ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రము కృష్ణా జిల్లాలోనే మిగిలినది, కృష్ణ యొడ్డున నున్న విజయవాడ కృష్ణా జిల్లానుండి తొలగినది! పేర్లమీద జనులకెంత యావేశముండునో ఆ సంవత్సరమే మే నెల 24వ తేదీన అమలాపురములో నిండ్లు కాలినప్పుడు అందరును చూచిరి. కోనసీమకు అంబేద్కరు మహాశయుని పేరు చేర్చుట న్యాయమేయని మేము తలంతుము. ఇప్పుడు మా ప్రశ్న వేరు. పేరు మారిన మరునాడు పాతపేరుతో నున్న కాగితము గతి యేమి?

అంతకంటె చిక్కైన సంగతి యొకటి కలదు. పేరు మారి యూరు మారకుండుట యందరికిని తెలిసినదే. పేరు మారక వస్తువు మారుట మనవారి దృష్టికి అంతగా వచ్చినట్లు తోపదు. వరంగల్లు జిల్లా యనిన నేది? 2016 అక్టోబరు 11వ తేదీకి పూర్వము జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి, ములుగు సీమలెల్ల నందులోనివే. ఆనాడు తెలంగాణమున పది జిల్లాలు ముప్పదియొకటిగా విడిపోగా వరంగల్లు నగర, గ్రామీణ జిల్లాలని రెండు మిగిలెను. 2021లో నగర జిల్లా హనుమకొండ యయ్యెను, గ్రామీణ జిల్లా వరంగల్లయ్యెను. కావున 2015లో వ్రాసిన దస్తావేజులోని వరంగల్లు జిల్లా, 2022లో వ్రాసిన దస్తావేజులోని వరంగల్లు జిల్లా పేరున నొకటి, నేలపై రెండు. తూర్పుగోదావరియు నట్టిదే. కాకినాడ ముఖ్యస్థానముగా నుండిన జిల్లా పేరది. 2022 తరువాత రాజమహేంద్రవరము ముఖ్యస్థానముగా నున్న వేరు జిల్లాకు అదే పేరు నిలిచినది. వట్టి పేరును నమ్మి ఇరువదియేండ్ల లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి ఆ జిల్లాలో పంట తగ్గినది, జనము తగ్గినదియని వ్రాయువారిని చూచి మేము నవ్వవలెనో యేడ్వవలెనో తెలియకున్నాము.

జిల్లాలమాట యటుండగా, రాష్ట్రమునకే యీ దశ పట్టినది. 2014 జూను 2వ తేదీకి పూర్వపు ఆంధ్రప్రదేశమునకును తరువాతి ఆంధ్రప్రదేశమునకును పేరొక్కటే. వస్తుసేవల పన్ను శాఖవారు ఈ భేదమును గుర్తించి పాత రాష్ట్రమునకు 28, కొత్త రాష్ట్రమునకు 37, తెలంగాణమునకు 36 అని యంకెలు వేసిరి. పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖవారి పట్టికలో కొత్త ఆంధ్రప్రదేశమునకును పాత 28 అంకెయే నిలిచినది. ఒక రాష్ట్రము, ఒక కేంద్రప్రభుత్వము, రెండు శాఖలు, రెండంకెలు! పన్ను శాఖవారు చేసినది తర్కమునకు సరిపోవుచున్నది. ఎల్ల మారినప్పుడు, పేరు మారకున్నను, అంకె మారవలెను. కాని యొక శాఖ చేసిన మంచిపనిని రెండవ శాఖ యెరుగనియెడల ఆ మంచి యెవరికి?

మన పూర్వులు ఈ చిక్కు నెరుగనివారు కారు. విజయనగర రాజుల తామ్రశాసనములు చూడుడు. గ్రామమును అగ్రహారముగా నిచ్చి దాత పేరనో దేవుని పేరనో కొత్తపేరు పెట్టునప్పుడు, పాతపేరు చెప్పి, దీనికిది ప్రతినామమని యదే శాసనమందు చెక్కించుచుండిరి. అంతటితో నూరకుండక తూర్పున నే పుట్ట, దక్షిణమున నే చింతచెట్టు, పడమట నే వాగు, ఉత్తరమున నే గుండు అని యెల్లలు వివరించుచుండిరి. పేరు పోయినను ఎల్లలు పలుకవలెనని వారి యభిప్రాయము. మెకంజీ దొర కొరకు మనవారు సేకరించిన కైఫియతులలో పెక్కింట, గ్రామమునకు పూర్వపు పేరేమి, ఆ పేరెట్లు వచ్చినది, ఎవరి కాలమున మారినదియని వ్రాసియున్నది. ఆ కరణములకు మనకంటె తెలివి తక్కువని యెవ్వరు చెప్పగలరు?

చట్టమును ఇదే మార్గమున నడచినది. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము 21వ సెక్షను, స్థిరాస్తిని గుర్తించుటకు చాలినంత వివరము లేని దస్తావేజును పుచ్చుకొనరాదనుచున్నది. పట్టణములలోని యిండ్లను వీధిని బట్టియు, ఇప్పుడున్నవారిని, పూర్వమున్నవారిని బట్టియు, నెంబరున్నచో నెంబరును బట్టియు వర్ణింపుమనుచున్నది. ఆ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు ఏడవ ఆర్డరు మూడవ రూలు, హద్దులచేతగాని సర్వే నెంబర్లచేతగాని ఆస్తిని గుర్తింపవీలున్నచో దావాలో అవి చూపవలెనని విధించినది. దావాలు వ్రాయుట జీవనముగా గల మాకు తెలిసినంతలో, షెడ్యూలులో గ్రామముపేరు తప్పిపోయిన కేసు హద్దులచే నిలిచినది గాని, హద్దులు తప్పిన కేసు పేరుచే నిలుచుట యరుదు. కాని సర్వే నెంబరు గ్రామములోపలి మాట. ఏ గ్రామములోని 112వ నెంబరు అని యడిగిన మరల పేరుకడకే రావలసివచ్చును. లోపల నంకె, వెలుపల పేరు. తాళము మంచిదే, తలుపునకు గొళ్లెము లేదు.

ఆ గొళ్లెము చేయుటకు మన దేశములో ప్రయత్నములు జరుగలేదని కాదు. మన పాఠకులందరును ఎరిగినది తపాలావారి పిన్ కోడు. సంస్కృత కవియు తపాలాశాఖ యున్నతోద్యోగియునగు శ్రీరామ భికాజీ వేలణకరుగారు దానిని సిద్ధము చేయగా, 1972 ఆగస్టు 15వ తేదీన, స్వాతంత్ర్య రజతోత్సవమునాడు, అది వాడుకలోనికి వచ్చెను. ఒకే పేరుగల యూళ్లనేకము, ఒక భాషలో వ్రాసిన చిరునామాను మరియొక భాషవాడు చదువలేకపోవుట, ఈ రెండు కారణములచే ఉత్తరములు దారితప్పుచుండుట చూచి ఆయన ఆరంకెలను నిర్ణయించెను. మొదటి యంకె 5 అయినచో ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకములు. చివరి మూడంకెలు బట్వాడాచేయు తపాలాఫీసు. అరవవాడు వ్రాసినను, బంగాళీ వ్రాసినను 520001 బెజవాడకే చేరును. సంస్కృతము చదివిన కవి భాషల కలహమును అంకెలతో తీర్చుట మాకు మిక్కిలి సంతోషమును కలిగించు విషయము. అయితే పిన్ కోడు తపాలాఫీసు గుర్తు, ఊరి గుర్తు కాదు. ఒక కోడు క్రింద పది పల్లెలుండును. తపాలాఫీసు మారినచో కోడు మారును. ఉత్తరమునకది చాలును. పట్టాకు చాలదు.

రైలువారి గుర్తులు మరియొక తరహా. విజయవాడ స్టేషనునకు నేటికిని బి.జెడ్.ఎ. యనియే గుర్తు. అది బెజవాడ. కాకినాడ టౌనునకు సి.సి.టి.; అందు దొరల కొకనాడా దాగియున్నది. చెన్నపట్టణపు సెంట్రలు స్టేషనుకు నెన్ని పేళ్లు మారినను ఎం.ఎ.ఎస్. యనియే టిక్కెట్టు మీద పడుచున్నది. ఇది చూచి కొందరు దేశాభిమానులు బానిసత్వపు మచ్చ యింకను చెరుగలేదని కోపించెదరు. వారి కోపము మాకు అర్థమగుచున్నదిగాని మేము దానిలో పాలుపంచుకొనము. గుర్తు పాతదైనందుననే టిక్కెట్టు తప్పుస్టేషనుకు పోవుటలేదు. ప్రయాగలో నేమి జరిగినదో చూడుడు. 2018లో అలహాబాదు ప్రయాగరాజయ్యెను. 2020లో స్టేషను పేరును, దానితోబాటు ఎ.ఎల్.డి. యను గుర్తును గూడ మార్చి పి.ఆర్.వై.జె. చేసిరి. మొగలుసరాయికి 2018లోనే ఎం.జి.ఎస్. పోయి డి.డి.యు. వచ్చెను. తెలంగాణ బండ్లకు 2014లో టి.ఎస్. యని పెట్టి, 2024 మార్చిలో టి.జి. చేసిరి. పాత బండ్లు పాత గుర్తుతోనే, కొత్తవి కొత్తగుర్తుతో, ఒకే రాష్ట్రపు వాహనములు రెండు గుర్తులతో ఒకే రోడ్డుమీద పోవుచున్నవి.

దీనినుండి మేము గ్రహించిన దేమనగా, పేరునుండి చెక్కిన గుర్తు పేరుతోనే చచ్చును. అక్షరములకు అర్థముండుటచే వానిని అభిమానించువారును ద్వేషించువారును ఉందురు. 541 అను సంఖ్యను ప్రేమించువాడెవడును లేడు, దానికొరకు బస్సు తగులబెట్టువాడును లేడు. 2011 జనాభాలెక్కలలో ఆదిలాబాదునకు 532 మొదలుకొని చిత్తూరునకు 554 వరకు ఇరువదిమూడు జిల్లాలకును అంకెలు వేసిరి. ఖమ్మమునకు 541, తూర్పుగోదావరికి 545. ఆ లెక్కలలోనే, మునుపటివలె రాష్ట్రము క్రింద జిల్లా, జిల్లా క్రింద తాలూకాయని గొలుసుగా గాక, దేశములోని ప్రతి గ్రామమునకును ఆరంకెల ప్రత్యేకసంఖ్య నిచ్చిరి. ఇందలి సూక్ష్మమును పాఠకులు గమనింపవలెను. గొలుసు సంఖ్యలో జిల్లా మారిన గ్రామముసంఖ్యయు మారును. ప్రత్యేకసంఖ్యకు ఆ బాధ లేదు. గ్రామము ఖమ్మములోనున్నను అల్లూరి జిల్లాలోనున్నను ఆ ఆరంకెలు అవియే. పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖవారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ చాలవరకు ఆ గ్రామసంఖ్యలనే గ్రహించి, ఏ ఉత్తరువుచే నే తేదీన నేమార్పు జరిగినదియు చేర్చుకొనుచున్నది.

ఇంత మంచి సాధనము చేతనుండగా ఆ వృద్ధురాలిని మూడుమారు లేల త్రిప్పిరి? సంఖ్య ఢిల్లీ పట్టికలో నున్నది, కాగితముమీద లేదు. జిల్లాలను విభజించు నోటిఫికేషనులలో గ్రామముల పేళ్లు వేసెదరుగాని, ఆ పేరు ప్రక్కన దాని సంఖ్యను అచ్చువేయరు. ధ్రువపత్రముపై వేయరు. పాసుపుస్తకముపై వేయరు. గుమాస్తా పేరును పేరుతో పోల్చి చూచి, దీర్ఘము తేడా వచ్చినంతనే కాగితము త్రోసివేయుచున్నాడు. గుమాస్తాను నిందించి లాభము లేదు. అతనికిచ్చిన కొలబద్ద అట్టిది.

ఏజెన్సీ ప్రాంతములో నీ లోపము కేవలము అసౌకర్యముతో పోవునది కాదు, నేలనే పోగొట్టును. 1950లో రాష్ట్రపతి యిచ్చిన ఉత్తరువులలో షెడ్యూలు ప్రాంతములను పేర్కొనిరి. హైదరాబాదు రాష్ట్రమునకు సంబంధించిన యుత్తరువులో గ్రామములను పేరుపేరున ఆనాటి తాలూకాల క్రింద వ్రాసిరి. 1959వ సంవత్సరపు ఒకటవ రెగ్యులేషను, దానిని సవరించిన 1970వ సంవత్సరపు ఒకటవ రెగ్యులేషను, షెడ్యూలు ప్రాంతములోని భూమి గిరిజనేతరుల చేతులలోనికి పోరాదని శాసించుచున్నవి. కావున ఒక కోయ రైతు పొలము దక్కుటయు దక్కకపోవుటయు ఆ గ్రామముపేరు ఆ జాబితాలో నున్నదా లేదా యనుదానిపై నాధారపడియున్నది. పేరు రెండువిధములుగా వ్రాయబడినను, గ్రామము తాలూకా మారినను, వాదించుటకు వకీళ్లు సిద్ధముగా నుందురు. మా వృత్తివారిని గూర్చియే చెప్పుచున్నాము. మంగపేట మండలములోని ఇరువదిమూడు గ్రామములు షెడ్యూలు ప్రాంతములోనివా కావా యను వివాదము దశాబ్దములు నడచి, 2023లో తెలంగాణ హైకోర్టు అవి షెడ్యూలు ప్రాంతములోనివేయని చెప్పువరకు ఆ గ్రామములవారు ఆ సంశయములోనే బ్రతికిరి. మనుష్యుని యాయువంత కాలము! ఊరేదియో తెలిసినదే, అది యే జాబితాలోని దన్నదే ప్రశ్న.

ఇక ఆక్షేపణలు. మనుష్యులకు నెంబర్లు వేయుట చెరసాలలవారి పని, ఊళ్లకు నెంబర్లు వేయుట దానికి తోబుట్టువు, పేరులో నున్న ప్రాణము అంకెలో నెక్కడిది అని సాహిత్యప్రియులగు మిత్రులొకరు మాతో ననిరి. వారి మాటలో సారము లేకపోలేదు. ఏ బడిలోనైనను పిల్లవానిని నీ యూరేదియని యడిగినప్పుడు ఆరంకెలు చెప్పినచో మాకును ప్రాణము విసుగును. కాని అంకె మోయవలసిన బరువును నేడు పేరు మోయుచున్నది. అందువలననే పేరు మార్చునప్పుడెల్ల కాగితములు చిరుగుచున్నవి, పేరు మార్పునకే జనులు భయపడుచున్నారు. ఆ బరువును అంకెకప్పగించినచో, ఊరివారు తమకిష్టమైన పేరు పెట్టుకొనుటకు స్వేచ్ఛ కలుగును. తాతలనాటి పేరును తిరిగి తెచ్చుకొనదలచినవారికి గుమాస్తా అడ్డు రాడు.

మరియొక యాక్షేపణ యింతకంటె బలమైనది: అంకెలు మాత్రము మారుటలేదా? నిజమే, మారుచున్నవి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశములో నారంభించిన రీసర్వేలో, తరతరముల సర్వే నెంబర్లు పోయి ఎల్.పి. నెంబర్లని కొత్తవి వచ్చెను. తాత దస్తావేజులోని నెంబరు తన పుస్తకములో లేదని రైతులు గొల్లుమన్నారు. పాత నెంబరునకును కొత్త నెంబరునకును పోలికపట్టిక వేయకుండ, వేసినను రైతుచేతి కీయకుండ అంకె మార్చినచో అది పేరు మార్చుటకంటె ఘోరము. పేరైనను ముసలివారి జ్ఞాపకమందుండును, నెంబరు ఎవనికి గుర్తుండును? కావుననే మేము కోరునది వట్టి యంకె కాదు, అంకెకొక నడవడి. పేరు మారిన అంకె మారరాదు. జిల్లా మారినను మారరాదు. గ్రామము రెండుగా చీలినను, రెండొకటిగా కలిసినను, పాత యంకెకు ఫలాని తేదీన స్వస్తియని వ్రాసి, కొత్త యంకెలకు అది తల్లియని చూపవలెను. చచ్చిన యంకెను మరియొక యూరికెన్నడును ఈయరాదు. ప్రతి యంకె వెనుక పాతపేళ్లన్నియు, అవి యే తేదీనుండి యే తేదీవరకు చెల్లినవో, తెలుగులో నుండవలెను.

2025 మే నెలలో తపాలాశాఖవారు, హైదరాబాదులోని ఐ.ఐ.టి., దూరగ్రాహక సంస్థల తోడ్పాటుతో, డిజిపిన్ అను కొత్త గుర్తును బయటపెట్టిరి. దేశమునంతయు సుమారు నాలుగు మీటర్ల చదరపు గళ్లుగా కోసి, అక్షాంశ రేఖాంశములనుబట్టి ప్రతి గడికిని పదియక్షరముల గుర్తు నిచ్చినారు. అగ్నిమాపకబండి యిల్లు వెదకుటకు ఇది మేలైనదే. దీనితో ఊరి చిక్కు కూడ తీరినదని కొన్ని పత్రికలు వ్రాయుట తొందరపాటు. గడికి పంచాయతీ తెలియదు, తాలూకా తెలియదు, 1959లో ఆ గడి యే జిల్లాలో నుండెనో తెలియదు. నేలమీది బిందువు వేరు, ఊరు వేరు.

ఈ భేదము ఎచ్చటకంటెను పోలవరము ముంపుప్రాంతమున స్పష్టముగా కనబడుచున్నది. అచ్చటి జనులను కాలనీలకు తరలించుచున్నారు. కాలనీకి పాతయూరి పేరే పెట్టుకొనుచున్నారు, అది సహజము. శ్రీశైలము జలాశయము క్రింద మునిగిన యూళ్లవారును అట్లే చేసిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి ఆలంపురమునకు తెచ్చి తిరుగ కట్టినప్పుడు దేవుడు సయితము పాతపేరుతోనే వచ్చెను. అప్పుడు నీటిక్రింది యూరికొక యంకె, గట్టుమీది యూరికి వేరంకె యుండవలెను. రెండింటికిని సంబంధము వ్రాసియుండవలెను. మునిగినదిగదాయని పాత యంకెను పట్టికనుండి తుడిచివేసినచో, ఆ యూరి పొలమునకు పరిహారము రావలసినవాడు లేని యూరిలో లేని పొలమును అడుగుచున్నవాడగును. ఈ మాట మేము ఊహించి వ్రాయుటలేదని మొదట చెప్పిన నాలుగు కాగితములే సాక్ష్యము.

రాష్ట్రప్రభుత్వములు రెండును చేయవలసినది ఖర్చుతో గూడినది కాదు. 1974వ సంవత్సరపు జిల్లాల చట్టము క్రింద జిల్లాను చేయునప్పుడుగాని, పేరు మార్చునప్పుడుగాని, గెజెటులో ప్రతి గ్రామము పేరు ప్రక్కన దాని సంఖ్యను అచ్చువేయుడు. కులము, జననము, నివాసము మొదలగు ధ్రువపత్రములమీద గ్రామసంఖ్య నొక వరుసలో చేర్చుడు. సంఖ్య యొక్కటైనచో పేరుతేడాను కారణముగా చూపి దరఖాస్తు త్రోసివేయరాదని యొక మెమో యిండు. ఉభయరాష్ట్రముల పట్టికలును 2014కు పూర్వమునకు సంబంధించినంతవరకు ఒకే పట్టికగా నుండవలెను. ఖమ్మములో నున్న పాత రికార్డు ఆంధ్రలోని రైతునకు పనికిరాదనుట సిగ్గుచేటు. రాబోవు జనాభాలెక్కలకు 2027 మార్చి 1వ తేదీని నిర్ణయించుచు 2025 జూనులో ప్రకటన వెలువడినది. లెక్కలకు ముందు ఎల్లలను మార్పకుండ నిలుపుట ఆచారము. పాతపేళ్ల పట్టికను సరిచూచుకొనుటకు అంతకన్న మంచి సమయము దొరకదు.

పఠనమందిరములవారికిని ఒక విన్నపము. మీ యూరి పాతపేళ్లు, శివారు పల్లెల పేళ్లు, అవి యే దస్తావేజులో నే సంవత్సరమున నెట్లు వ్రాయబడినవో, ఒక నోటుపుస్తకములో నెక్కింపుడు. డైగ్లాటు రిజిస్టరులు, సేత్వారులు, ఇనాముపత్రములు చూచినవారు, కరణీకము చేసిన కుటుంబములవారు ఇంకను కొందరున్నారు. ప్రతి పేరు ప్రక్కన ఆ ఆరంకెలను వ్రాసి ఒక ప్రతిని పంచాయతీకి, ఒక ప్రతిని తాలూకా కచ్చేరికి పంపుడు. పెట్టుబడి యొక పుస్తకము, ఒక పెన్సిలు.

ఆ వృద్ధురాలి గ్రామపు సంఖ్యను మేము పట్టికలో వెదకి తీసితిమి. ఖమ్మము జిల్లాలో నున్నప్పటి సంఖ్యయు, అల్లూరి జిల్లాలోని సంఖ్యయు ఒక్కటియే. నాలుగు కాగితములలోని మూడు జిల్లాలను, మూడు వర్ణక్రమములను వరుసగా వ్రాసి, ఆ సంఖ్యను దరఖాస్తు తలకట్టున పెట్టి, పాత ఉత్తరువుల నకళ్లు జతచేసి రిజిస్టరు తపాలులో పంపితిమి. రసీదు వచ్చినది. ప్రత్యుత్తరము రావలసియున్నది.